ఏసీ ప్యాసింజర్‌కి

మా నాన్న కారులో ఏసీకి ఒక నియమం ఉంది. ప్యాసింజర్ ఎక్కాక వేస్తాడు, ప్యాసింజర్ దిగాక ఆపేస్తాడు. ఒక బుకింగ్‌కీ ఇంకో బుకింగ్‌కీ మధ్య ఏ చెట్టు నీడనో ఆగినప్పుడు నాలుగు అద్దాలూ దించుకుని, తడి తువ్వాలు మెడ మీద వేసుకుని కూర్చుంటాడు. విజయవాడలో, మే నెలలో.

"ఏసీ ప్యాసింజర్‌కమ్మా, మనకెందుకు?" అంటాడు. అదేదో వెనక సీటు సంగతైనట్టు, మామూలుగా.

ఆయన క్యాబ్ నడపడం మొదలుపెట్టినప్పట్నించీ ఈ నియమం నాకు తెలుసు. కానీ దాని గురించి నిజంగా ఆలోచించింది మాత్రం 2025 మేలో, సింగ్‌నగర్‌లో మా ఇంటి ముందు ఆ కారు బంపర్ ఊడదీసి పక్కన పెట్టుకుని కూర్చున్న రెండు రోజుల్లోనే.

*

కారు డిజైర్, డీజిల్ బండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఇంకా పద్నాలుగు నెలల ఈఎంఐ ఉంది అప్పటికి. మార్చి చివర్లో చల్లదనం తగ్గిందని గ్యాస్ కొట్టించాడు. పద్దెనిమిది వందలు. మూడు వారాలు బానే ఉంది. ఏప్రిల్‌లో మళ్ళీ కొట్టించాడు. మళ్ళీ పద్దెనిమిది వందలు. ఈసారి పది రోజులు కూడా ఆగలేదు.

కారు ఏసీలో గ్యాస్ డీజిల్ లాగా ఖర్చయ్యేది కాదు. ఒకసారి నింపింది అవే పైపుల్లో తిరుగుతూ ఉంటుంది. ఏళ్ళ మీద కాస్తో కూస్తో తగ్గితే తగ్గొచ్చు గానీ, మూడు వారాల్లో పోయిందంటే ఎక్కడో చిల్లి ఉన్నట్టే. చిల్లి మూయకుండా గ్యాస్ కొట్టించడం డబ్బులు దండగ. ఈ సంగతి నాన్నకి తెలీక కాదు. గ్యాస్ కొట్టించడానికి అరగంట చాలు. చిల్లి వెతికించాలంటే కారు ఒక పూట ఆపాలి. ఏ రోజు సంపాదన ఆ రోజు లెక్క చూసుకునే మనిషికి పద్దెనిమిది వందలకన్నా ఒక పూట ఎక్కువ కనిపిస్తుంది.

చివరికి ఒక వర్క్‌షాప్‌లో చూపిస్తే కండెన్సర్ పోయిందన్నారు. తొమ్మిదిన్నర వేలు, పార్ట్ రావడానికి నాలుగు రోజులు. నాన్న ఆలోచించి చెప్తానని వచ్చేశాడు. అద్దాలు దించుకునే ట్రిప్పులు తిప్పడం మొదలుపెట్టాడు. ఎక్కినవాళ్ళు తిట్టేవాళ్ళు, కొందరు తలుపు తీసి, లోపలికి చెయ్యి పెట్టి చూసి, క్యాన్సిల్ చేసి వెళ్ళిపోయేవాళ్ళు.

ఇదంతా నాకు అమ్మ ఫోన్లో చెప్పింది. "రేటింగ్ పడిపోయిందంట. నిన్న మొత్తం నాలుగే ట్రిప్పులు. పోయినేడులాగా మళ్ళీ పడిపోతాడేమోనని నాకు బయంగా ఉందే" అంది.

"పోయినేడు ఏమైంది?" అన్నాను.

అమ్మ ఏం మాట్లాడలేదు. నోరు జారిందని నాకప్పుడు అర్థమైంది.

2024 మే ఆఖర్లో, రోహిణి కార్తెలో, రైల్వే స్టేషన్ దగ్గర బుకింగ్ కోసం ఎదురుచూస్తూ నాన్న స్టీరింగ్ మీదకి ఒరిగిపోయాడట. పక్కనున్న ఆటో అతను చూసి, నెత్తి మీద నీళ్ళు పోసి, తన ఆటోలోనే ఆస్పత్రికి తీసుకెళ్ళాడట. వడదెబ్బ అన్నారు. రెండు సెలైన్లు ఎక్కించారు. రెండో రోజు పొద్దున మళ్ళీ కారు తీశాడు. "దానికి చెప్పమాక, ఉద్యోగం మానేసి పరిగెత్తుకొచ్చిద్ది" అన్నాడట నా గురించి.

నేను పరిగెత్తుకొచ్చేదాన్నో కాదో నాకు తెలీదు.

*

ఇక్కడ నా గురించి ఒక విషయం చెప్పాలి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం నాది. వారానికి మూడు రోజులు ఆఫీసుకి క్యాబ్‌లో వెళ్తాను. 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్ క్యాబ్ డ్రైవర్లు 'నో ఏసీ' అని ఒక ప్రచారం మొదలుపెట్టారు. కంపెనీలు ఇచ్చే కిలోమీటర్ రేటుకి ఏసీ వేస్తే మాకేం మిగలదు, కావాలంటే టిప్ ఇవ్వండి అని కార్లలో కాగితాలు అంటించుకున్నారు. చాలామందికి గుర్తుండే ఉంటుంది.

అప్పుడు నాకు చిరాకేసింది. ఒకరోజు గచ్చిబౌలిలో ఎక్కిన క్యాబ్‌లో "అన్నా, ఏసీ" అంటే ఆయన ఆ కాగితం చూపించాడు. నేనేం వాదించలేదు. దిగాక మూడు స్టార్లు ఇచ్చాను. సరిగ్గా నెలన్నర తర్వాత మా నాన్న స్టీరింగ్ మీద పడిపోయాడు. ఆ రెండిటికీ ఏ సంబంధమూ లేదు, అది వేరే ఊరు, వేరే మనిషి. కానీ అమ్మ ఫోన్ పెట్టేశాక నాకు ముందు గుర్తొచ్చింది ఆ మూడు స్టార్లే.

శుక్రవారం రాత్రి బస్సెక్కాను.

*

నేను చదివింది మెకానికల్. రిఫ్రిజిరేషన్ పేపర్లో మంచి మార్కులు కూడా వచ్చాయి. కంప్రెసర్ గ్యాస్‌ని ఒత్తుతుంది, కండెన్సర్‌లో అది ద్రవమవుతుంది, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దాటి పీడనం పడిపోతుంది, కూలింగ్ కాయిల్‌లో మళ్ళీ గ్యాసై లోపలి వేడిని పీల్చుకుంటుంది. ఈ బొమ్మ నిద్రలో లేపి అడిగినా గీస్తాను. కానీ నాలుగేళ్ళలో ఒక్క కండెన్సర్‌ని కూడా చేత్తో పట్టుకున్న పాపాన పోలేదు.

ధైర్యమంతా వెనక వీధిలో ఉండే ఫ్రిజ్ మెకానిక్ బాబాయిది. ఆయన దగ్గర వాక్యూమ్ పంపు ఉంది, గేజులున్నాయి. "ఫ్రిజ్జయినా కారయినా అదే సరుకమ్మా. బంపర్ ఊడదీసే పని మీరు చూసుకోండి, మిగతాది నే వచ్చి చూస్తా" అన్నాడు.

శనివారం పొద్దున్నే నాన్నా నేనూ ఆటోనగర్ వెళ్ళాం. మూడు షాపులు తిరిగితే మా మోడల్‌కి సరిపోయే కండెన్సర్ మూడు వేల నాలుగొందలకి దొరికింది. ఆకుపచ్చ ఓ-రింగులు అరడజను, కంప్రెసర్ ఆయిల్ చిన్న సీసా, గ్యాస్ క్యాన్ ఒకటి. అన్నీ కలిపి ఐదు వేల లోపు. తేమ లాగేసే డ్రయ్యర్ ఈ కండెన్సర్‌కి పక్కనే అతికి వస్తుంది, విడిగా కొనక్కర్లేదు. షాపతను రెండు మాటలే చెప్పాడు. పైపుల మూతలు బిగించేదాకా తీయొద్దు. నల్ల రబ్బరు రింగులు వేయొద్దు, ఈ ఆయిల్‌కీ గ్యాస్‌కీ అవి ఆగవు.

ఇంటికొచ్చేసరికి పదిన్నర. వేపచెట్టు నీడ కారు ముందు భాగం మీద ఇంకో గంట మాత్రమే ఉంటుంది.

మొదట గేజు పెట్టి చూశాం. సున్నా. గ్యాస్ అప్పటికే మొత్తం పోయింది. ఏమాత్రం మిగిలున్నా మేం పైపు విప్పకూడదు. ద్రవంగా ఉన్నది బయటికొస్తే మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, చేతి మీద పడితే చర్మం గడ్డకడుతుంది. అదొక్కటే కాదు, దాన్ని మెషీన్‌తో పట్టుకోవాలి గానీ గాల్లోకి వదలకూడదు. మాకా పని లేకుండా చిల్లే చేసిపెట్టింది.

బంపర్ ఊడదీయడానికి గంటన్నర పట్టింది. వర్క్‌షాప్‌లో అయితే పది నిమిషాల పని. పైన స్క్రూలు, కింద క్లిప్పులు, చక్రాల గూటి లోపల కనపడకుండా చెరొకటి. ప్లాస్టిక్ క్లిప్పులు రెండు నా చేతిలో విరిగాయి. పది నంబరు పానా నాన్న చేతిలోంచి నా చేతికి, నా చేతిలోంచి ఆయన చేతికి తిరిగింది. నాన్న ప్రతి స్క్రూనీ ఊడిన వరసలోనే ఒక పాత క్యాలెండర్ కాగితం మీద పేర్చాడు. అంత పద్ధతైన మనిషని నాకు తెలీదు.

బంపర్ వచ్చేశాక కండెన్సర్ కనపడింది. రేడియేటర్‌కి ముందు, కారులో అన్నిటికన్నా ముందు ఉండేది అదే. సన్నటి అల్యూమినియం గొట్టాలు అడ్డంగా, వాటి మధ్య కాగితమంత పల్చటి రేకులు. వాటిలో ఎండిపోయిన మిడతలు, ఒక చాక్లెట్ కాగితం, ఎక్కడివో పక్షి ఈకలు. కింద కుడి మూల అరచెయ్యంత మేర జిడ్డుగా నల్లగా ఉంది. గ్యాస్‌తో పాటు ఆయిల్ కూడా తిరుగుతుంది కాబట్టి, గ్యాస్ కారిన చోట ఆయిల్ చెమరుస్తుంది, దానికి దుమ్ము పడుతుంది. ఆ మచ్చ మధ్యలో బియ్యపు గింజంత సొట్ట. ఏ హైవే మీదో ఏ లారీ చక్రమో లేపిన రాయి.

"ఇంతదానికా!" అన్నాడు నాన్న. "ఎం-సీల్ పెడితే ఆగదా?"

"టైర్లో ఎంత గాలి కొట్టిస్తావు?"

"ముప్ఫై మూడు."

"ఎండలో ఇందులో రెండొందల యాభై ఉంటుంది నాన్నా."

ఆ లెక్క ఆయనకి వెంటనే అర్థమైంది. మళ్ళీ ఎం-సీల్ మాట ఎత్తలేదు.

*

"ఇది ముందెందుకు పెట్టాలి? లోపలెక్కడన్నా పెట్టుకుంటే రాయి తగలదు కదా" అని అడిగాడు, పాతది ఊడదీస్తున్నప్పుడు.

నాకు తెలిసింది చెప్పాను. చల్లదనం అనేది ఎక్కడా తయారవదు. కారు లోపలి వేడిని ఈ గ్యాస్ మోసుకొచ్చి ఇక్కడ దించుతుంది. దాని మీద కంప్రెసర్ పడ్డ కష్టం తాలూకు వేడి కూడా కలుస్తుంది. ఇంత వేడి దిగాలంటే గాలి బాగా తగలాలి, అందుకే ముందు. బయట నలభై నాలుగున్నప్పుడు ఆ గాలికి వేడి దించాలంటే గ్యాస్ అంతకన్నా చాలా వేడిగా ఉండాలి. బండి పరిగెత్తుతుంటే పర్లేదు. సిగ్నల్లో ఆగితే ఫ్యాన్ ఒక్కటే దిక్కు, అందుకే ఆగినప్పుడు చల్లదనం తగ్గుతుంది.

నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మరి ఆ వేడంతా ఎటు పోద్ది?" అన్నాడు.

"ఇంజన్ మీదుగా రోడ్డు మీదకి."

"అంటే పక్కన ఆటోవాడి మీదకి."

నాన్న క్యాబ్ కొనకముందు పదకొండేళ్ళు ఆటో తోలాడు. బెంజ్ సర్కిల్ సిగ్నల్లో కార్ల పక్కన ఆగినప్పుడు కాళ్ళ మీద పొయ్యి ముందు కూర్చున్నట్టు సెగ కొట్టేదట. "ఇంజన్ వేడనుకునేవోణ్ణి. సగం ఏసీదన్నమాట" అన్నాడు. కోపంగా అనలేదు. ఎప్పట్నించో ఉన్న అనుమానం తీరినట్టు అన్నాడు.

పరీక్షల్లో ఆ వేడిని నేను ఒక అక్షరంతో, పక్కన బాణం గుర్తుతో గీసేదాన్ని. బాణం పెట్టె బయటికి వెళ్ళిపోయేది. అక్కడితో లెక్క అయిపోయేది. బాణం చివర ఎవరున్నారని ఏ ప్రశ్నా అడగలేదు.

*

కొత్త కండెన్సర్ కూర్చోబెట్టడం అనుకున్నంత కష్టం కాలేదు. బ్రాకెట్లు సరిపోయాయి. పాత కండెన్సర్‌తో పోయిన ఆయిల్‌కి బదులు కొలిచి కొంచెం పోశాం. లావు పైపు, సన్న పైపు, రెండిటికీ కొత్త ఓ-రింగులు. బోల్టులు బిగించాను. సాయంత్రం నాలుగింటికి బాబాయి పంపు తెచ్చి తగిలించాడు.

పంపు లోపలున్న గాలంతా లాగేస్తుంది. గాలి కన్నా ముఖ్యం తేమ. అంత వాక్యూమ్‌లో నీళ్ళు మామూలు వేడికే మరిగి ఆవిరైపోతాయి. కాస్త తేమ మిగిలినా ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర మంచుగడ్డై అడ్డుపడుతుంది, ఆయిల్‌తో కలిసి లోపల తినేస్తుంది. నలభై నిమిషాలు నడిచాక గేజు ముల్లు సున్నా కిందకి దిగి ముప్ఫైకి దగ్గర్లో ఆగింది. బాబాయి వాల్వులు మూసి పంపు ఆపాడు. "ఇప్పుడు అరగంట చూడాలమ్మా. ముల్లు కదలకపోతే గెలిచినట్టు."

అమ్మ మజ్జిగ తెచ్చింది. నలుగురం కారు చుట్టూ కూర్చుని ఆ ముల్లునే చూస్తున్నాం. పది నిమిషాలకి అది కదిలింది. పదిహేనుకి ఇంకాస్త. నేను గేజు మీద తట్టాను, ఏదో అది తప్పు చూపిస్తున్నట్టు.

"ఎక్కడో లాగుతోంది" అన్నాడు బాబాయి. కొత్త కండెన్సర్ తేడాదేమో అని నాన్న, పైపుకి కూడా చిల్లుందేమో అని బాబాయి. నాకు మాత్రం లోపల తెలుస్తూనే ఉంది. రెండో పైపు దగ్గర ఎండ పడుతుందని తొందరపడ్డాను. ఓ-రింగుకి ఆయిల్ రాయకుండా పొడిగా తోసేశాను. విప్పి చూస్తే అదే. రింగు మెలికపడి ఒక పక్క కోసుకుపోయింది.

ఆదివారం రాత్రి నా బస్సు. ఒక రోజు పోయినట్టే. "నా తప్పే నాన్నా" అన్నాను.

"పోన్లేమ్మా, రింగేగా" అన్నాడు. కాసేపాగి, "పోయినేడు సంగతి మీ అమ్మ చెప్పేసిందంటగా" అన్నాడు.

"నువ్వెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేస్తావు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. పైప్ చివర ఒక ప్లాస్టిక్ కవరు కట్టి, రబ్బర్ బ్యాండ్ వేసి, లోపలికి వచ్చేశాం. ఆ రాత్రి హాల్లో కూలర్ ముందు పడుకుని లెక్కలేశాను. 2015 మే గుర్తొచ్చింది. అప్పుడు నేను ఇంటర్. ఆ ఎండలకి దేశంలో రెండు వేలమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది ఆంధ్రా, తెలంగాణ వాళ్ళే. టీవీలో రోజూ క్రికెట్ స్కోరులా సంఖ్య పెరిగేది. ఆ సంఖ్యలో ఉన్నది ఎవరో ముసలివాళ్ళు, కూలీలు అనుకునేదాన్ని. మా నాన్న అప్పుడు ఆటోలో బెంజ్ సర్కిల్ దగ్గర ఉన్నాడు.

*

ఆదివారం పొద్దున్న ఆరింటికే లేచి, కొత్త రింగుకి ఆయిల్ రాసి, చేత్తో తిప్పి చూసుకుని బిగించాను. మళ్ళీ పంపు. ఈసారి ముల్లు అరగంటా కదల్లేదు. బాబాయి గంట ఉంచాడు. అయినా కదల్లేదు.

గ్యాస్ ఎక్కించేటప్పుడు క్యాన్‌ని వంటింటి కాటా మీద నిలబెట్టాం. బానెట్ కింద స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములని రాసి ఉందో అంతే వెళ్ళాలి. అంచనాతో కొట్టకూడదు. క్యాన్ తలకిందులు చేయకూడదు, ద్రవం వెళ్తే కంప్రెసర్ పగిలిపోవచ్చు. ఇంజన్ నడుస్తున్నంతసేపూ ఎర్ర గేజు వైపు వాల్వు మూసే ఉండాలి, లేకపోతే ఆ ఒత్తిడి క్యాన్‌లోకి తన్ని అది పేలుతుంది. ఇవన్నీ బాబాయి చెప్తుంటే నేను ఫోన్లో రాసుకున్నాను, పరీక్షకి ముందులాగా.

ఆ క్యాన్ మీద ఆర్-134ఏ అని రాసి ఉంది. ఓజోన్ పొరని తినేసే పాత ఆర్-12 బదులు కార్లలోకి వచ్చింది ఇదే. ఇది ఓజోన్‌ని ఏం చేయదు గానీ, ఒక కిలో గాల్లోకి వదిలితే వందేళ్ళలో సుమారు 1430 కిలోల కార్బన్ డయాక్సైడ్ చేసేంత వేడి చేస్తుంది. ఈ రకం గ్యాసుల్ని తగ్గించాలని 2016లో కిగాలీలో ఒప్పందం కుదిరింది. మన దేశం 2021లో ఒప్పుకుంది. ఇక్కడ తగ్గించడం మొదలయ్యేది 2032లో. 450 గ్రాముల క్యాన్ ఒకటి గాల్లో కలిసిందంటే దాదాపు 240 లీటర్ల డీజిల్ తగలబెట్టినట్టు. నాన్న ఒక నెల కారు తిప్పితే అయ్యేంత. ఆయన మార్చిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి ఆ పని చేశాడు, తెలియకుండా. రోజుకో లీటరు మిగుల్తుందని ఏసీ ఆపుకుని, తడి తువ్వాలు వేసుకుని కూర్చునే మనిషి. ఈ లెక్క నేనాయనకి చెప్పలేదు. తప్పు ఆయనది అనిపించలేదు. చిల్లి ఉందని తెలిసీ రెండుసార్లు డబ్బు తీసుకుని గ్యాస్ కొట్టినవాళ్ళదీ పూర్తిగా అనిపించలేదు. ఒక పూట కారు ఆపితే గడవని బతుకు అలాంటిది.

నీలం గేజు నలభై దగ్గర, ఎర్రది రెండొందల అరవై దగ్గర నిలిచాయి. ఎర్రది ఇంకా పైకి పోతుంటే బాబాయి బకెట్లోంచి చెంబెడు నీళ్ళు కండెన్సర్ మీద కొట్టాడు, దిగింది. అమ్మ లోపల కూర్చుని గాలి వచ్చే చోట చెయ్యి పెట్టి, "వస్తంది, వస్తంది!" అని అరిచింది. కాసేపటికి కారు కింద నీళ్ళు బొట్లు బొట్లుగా కారడం మొదలైంది. సన్న ధార మట్టిలో ఇంకిపోతోంది. లోపలి తేమ చల్లబడి నీరయ్యి కారుతోందని, అంటే అంతా బాగున్నట్టేనని అమ్మకి చెప్పాను.

బాబాయి డబ్బులు తీసుకోలేదు. "కార్లో ఒకసారి అమ్మవారి గుడికి తీసుకెళ్ళు, చాలు" అన్నాడు నాన్నతో. "ఏసీ వేసి."

*

రాత్రి బస్టాండ్‌లో దింపడానికి నాన్నే తీసుకొచ్చాడు. నేను ముందు సీట్లో కూర్చోబోతుంటే, "వెనక కూర్చో. ప్యాసింజర్‌కి చల్లగా తగుల్తుందో లేదో చూడాలిగా" అన్నాడు. కూర్చున్నాను. బాగా తగులుతోంది. తొమ్మిదైనా బయట ఇంకా వేడి గాలే. అద్దం మీద చెయ్యి పెడితే తెలుస్తోంది.

వెనక సీట్లోంచి చూస్తే డ్రైవర్ మెడ కనిపిస్తుంది. ఎండకి కమిలి, ముడతలు పడి, తువ్వాలు ఉండే మేర మాత్రం కాస్త రంగు తక్కువగా. ఎన్ని వందల మెడల్ని ఇలా చూశానో హైదరాబాద్‌లో. ఒక్కటీ గుర్తులేదు.

"మధ్యాహ్నం పన్నెండు నించీ నాలుగు దాకా, ట్రిప్ ఉన్నా లేకపోయినా ఏసీ వేసుకో నాన్నా. ఆ డీజిల్ డబ్బులు నేను పంపిస్తా" అన్నాను.

"సరేలే."

"సరేలే కాదు."

"సరే అన్నానుగా."

బస్టాండ్ దగ్గర దిగి, బ్యాగు తీసుకుని, కారు కదిలేదాకా నిలబడ్డాను. గేటు దగ్గరికి వెళ్ళేసరికి డ్రైవర్ వైపు అద్దం కిందకి దిగడం కనపడింది.

వెంటనే ఫోన్ చేశాను. "ఏసీ ఆపేశావా?"

"లేదమ్మా, పార్కింగ్ వాడికి డబ్బులివ్వడానికి అద్దం దించా" అన్నాడు.

ఫోన్ ఇంకాస్త చెవికి నొక్కుకుని విన్నాను. హారన్లు, డీజిల్ ఇంజన్ చప్పుడు, ఎవరో బస్సు పేర్లు అరుస్తున్నారు. ఏసీ ఉందో లేదో ఏం తెలియలేదు.